బంపరు నొక్కి చూసిన బావ

పదకొండైంది. ఎండ మాడ్చేస్తోంది, బావకు ఆకలి దంచేస్తోంది. అయినా పాత ట్రక్కు కింద నుంచి లేవడు. ఇరవై ఏళ్లుగా బావ, బావమరిది కలిసి నడుపుతున్న మెకానిక్ షెడ్డు అది.

"షాకబ్జర్లు నూనె కక్కుతున్నాయిరా. ఇవి మార్చాకే బండి ఎత్తు పెంచు."

"అలాగేలే బావా! ముందు తిని రా, లేకపోతే నన్నే నమిలేసేలా ఉన్నావ్."

ఎత్తు పెంచమని ట్రక్కు ఇచ్చిన ఓనరు తొందరపెడుతున్నాడని బావమరిది పాతవే తుడిచి, నల్లరంగు పూసి, బండి ఎత్తు పెంచేశాడు. బావ తిరిగొచ్చాక "మార్చేశా" అన్నాడు.

బావ బంపరు నొక్కి వదిలాడు. షాకబ్జర్లు కొత్తవైతే ఒక్క ఊపుతో ఆగాలి, బండి ఊగుతూనే ఉంది. తిడతాడనుకుంటే, తనే కొత్తవి తెచ్చి బిగించాడు. కోపమా, అలుపా, అసహ్యమా? బావమరిదికి ఏమీ పాలుపోలేదు. తిట్టినా బాగుండేది. చేతులు కడుక్కుని, ఆ రోజే బావ షెడ్డును బావమరిదికే వదిలేసి వెళ్లిపోయాడు.