నూకాలమ్మ గూడు

1996 వేసవి చివర నన్ను రాజమండ్రి నుంచి తూర్పు కనుమల్లోని ఒక ఘాట్ సెక్షన్‌కు పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్‌గా బదిలీ చేశారు. పట్టాలు, స్లీపర్లు, వాటి కింది కంకర, వాటి మీద పనిచేసే గ్యాంగులు ఆ ఉద్యోగి బాధ్యత. అప్పటిదాకా వరిచేల నడుమ తిన్నగా సాగే లైన్ల మీద పనిచేసిన నాకు సొరంగం కొత్త.

నా సెక్షన్‌లోని పాత సొరంగాన్ని అప్పటికి ముప్పై ఏళ్ళ కిందట రెండు వైపుల నుంచీ తొలుచుకుంటూ వచ్చి మధ్యలో కలిపారు. రైలు వచ్చినప్పుడు పనివాళ్ళు తప్పుకోవడానికి అలాంటి సొరంగాల గోడల్లో మనిషి నిలబడేంత గూళ్ళు ఉంటాయి. వాటిలో ఒకదానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉండేది. దాన్ని నూకాలమ్మ గూడు అనేవారు. తవ్వే రోజుల్లో కొండ మాటిమాటికీ కూలుతుంటే, పిఠాపురం వైపు నుంచి తట్టలు మొయ్యడానికి వచ్చిన నూకాలమ్మ అనే పిల్లను అక్కడ కొండ మింగిందనీ, ఆ తర్వాతే కూలడం ఆగిందనీ గ్యాంగువాళ్ళు చెప్పుకునేవారు. ఆ గూట్లో ఎవరూ కాలు పెట్టేవారు కాదు.

వానలు మొదలైన కొత్తల్లో ఒక గూడ్సు వచ్చేసరికి అప్పలస్వామి అనే గ్యాంగ్‌మన్ సరిగ్గా ఆ గూటి ముందే ఉన్నాడు. అందులోకి వెళ్ళకుండా అవతలి గూటికి పరుగెత్తాడు. అతను లోపలికి దూరడం, ఇంజను రావడం ఒకేసారి జరిగాయి. చేతిలోని పార ఎగిరిపోయింది. నా పై అధికారి అయిన అసిస్టెంట్ ఇంజనీరు అతనికి చార్జిషీటు ఇమ్మన్నారు. నేను కొంత గడువు అడిగాను. శిక్ష వేసినంత మాత్రాన అతను ఆ గూట్లోకి వెళతాడని నాకు నమ్మకం లేదు.

ఆ నెలలోనే సెలవు మీద పిఠాపురంలో మా అక్క ఇంటికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే, అక్క అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

"మా వెనక వీధి నూకాలమ్మ వయసులో ఉండగా కొండల్లో రైలుపనికి వెళ్ళిందిరా. కాలు విరిగి వచ్చేసింది" అంది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అంతా విని ఆవిడ పకపకా నవ్వింది.

"నన్ను కొండ మింగేసిందన్నారా బాబూ? మింగబోయిందండి. అప్పటికి రెండేపులా తవ్వకం కలిసిపోయిందండి. అటేపు పనిచేసే ఎవరో కొండ మనిషి రాయి తప్పించి నన్ను అవతలి వైపుకి లాగేసేడు. అటేపు పనిలో ఉన్న మా అన్నయ్య అట్నించి అటే ఇంటికి తీసుకొచ్చేసేడు. ఇటేపోళ్ళకి మళ్ళీ కనపడలేదు కదండీ, పోయేననుకున్నారు కాబోలు."

నవ్వు ఆపి, "ఆయన పేరైనా అడగలేదండి. ఆ చోటు ఒక్కసారి చూపిస్తారా?" అంది.

పై అధికారి అనుమతి తీసుకుని, రైలు రాక తెలపడానికి రెండు వైపులా విజిళ్ళతో మనుషుల్ని నిలిపి, ఆవిడను గ్యాంగుతో పాటు లోపలికి తీసుకువెళ్ళాను. కర్ర పోటేసుకుంటూ నడిచింది. గూటి ముందు కొబ్బరికాయ కొట్టి, తనను లాగిన ఆ మనిషికి చాలాసేపు దణ్ణం పెట్టుకుంది. ఇంతలో విజిల్ వినిపించింది. అందరం తలో గూట్లోకి తప్పుకున్నాం. నూకాలమ్మ తన గూట్లోకి ఎక్కింది. ఆ పక్కనే ఉన్న అప్పలస్వామి మాత్రం కదలలేదు.

"రా నాయనా, బతికే ఉన్నాను కదా! ఇద్దరికీ చోటుంది" అంటూ ఆవిడ అతని చెయ్యి పట్టి లోపలికి లాక్కుంది.

గూడ్సు వెళ్ళిపోయాక ఇద్దరూ దుమ్ము దులుపుకుంటూ బయటికి వచ్చారు. గ్యాంగు పెద్ద అయిన మేట్ ఆవిడ కాళ్ళకు మొక్కబోతే, "అయ్యో, నేను మనిషినే బాబూ" అని వెనక్కి జరిగింది.

చార్జిషీటు అవసరం రాలేదు. గూటికి పసుపు పూయడం వాళ్ళు మానలేదు, నేనూ మానమనలేదు. కాని రైలొస్తే అందులోకీ వెళ్ళేవారు. అప్పలస్వామి సర్వీసు పూర్తిచేసి క్షేమంగా రిటైరయ్యాడు. అందుకు నేను నూకాలమ్మకు, పేరు తెలియని ఆ కొండ మనిషికి రుణపడి ఉన్నాను.

భయాన్ని ఆర్డరు వేసి పోగొట్టలేమని అక్కడ నేర్చుకున్నాను. తర్వాత ఏ సెక్షన్‌లో చార్జి తీసుకున్నా, పట్టాలు చూశాక గ్యాంగువాళ్ళను కూర్చోబెట్టి, ఇక్కడ మీరు కాలు పెట్టని చోటు ఏదైనా ఉందా అని అడిగేవాణ్ణి.