అక్క పరుపులోని దూది

సముద్రం ఒడ్డున సెలవులు గడపడానికి వచ్చేవాళ్ళకు ఆ మేడలో మూడు గదులుండేవి. కింద ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. వీధి వీధంతా వాళ్ళని పెద్దమ్మగారు, చిన్నమ్మగారు అనేది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకు కాలేదని ఎవరైనా నోరుజారి అడిగితే, "ఊరందరికీ మంచాలు వెయ్యడంతోనే సరిపోయిందండీ" అని పెద్దమ్మగారు నవ్వేసేది. వంటిల్లు, తగాదాలు చిన్నమ్మగారివి. పక్కలు మాత్రం పెద్దమ్మగారివి. ఆ దరిదాపులకి చెల్లెల్ని కూడా రానిచ్చేది కాదు.

ఆవిడ పరుపు కొనడం ఓ తతంగం. అందరిలా చేత్తో నొక్కిచూసి బేరమాడే మనిషి కాదు. కొట్టులోనే చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు సర్దుకుని, పరుపెక్కి పడుకునేది. వెల్లకిలా కాసేపు, కుడివైపుకి కాసేపు, ఎడమవైపుకి కాసేపు. కొట్టువాడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, "అమ్మా, జనం చూస్తున్నారు, లేవండమ్మా" అని బతిమాలేవాడు. ఆవిడ కళ్ళు తెరవకుండానే, "మా ఇంట్లో పడుకున్నవాడికి నడుం పట్టేస్తే నువ్వొచ్చి మందు రాస్తావా?" అనేది. మెత్తగా ఉన్నదల్లా మంచి పరుపు కాదనీ, ఒళ్ళు కూరుకుపోతే పక్కకి పొర్లడమే ఓ పనైపోతుందనీ ఆవిడ వాదం. కొత్త దుప్పటి నాలుగు ఉతుకులు పడితే గానీ గదిలోకి వెళ్ళేది కాదు. మంచానికి రెండు తలగడలు, ఒకటి ఎత్తుది, ఒకటి పల్చటిది. ఇంత చాదస్తపు మనిషీ తను మాత్రం అమ్మనాటి దూది పరుపు మీదే పడుకునేది. ఓ వానాకాలం దాని మీదే, నిద్రలోనే పోయింది.

చిన్నమ్మగారికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడం ఏమిటని మంచం వంక చూసి తిట్టింది. అరవై దాటినా తనని "ఒసే పిల్లా" అని పిలిచే నోరు లోకంలో అక్కదొక్కటే. ఇక ఆ పిలుపు లేదన్న సంగతి వంటింట్లో, మెట్ల మీద, గుమ్మంలో ఎక్కడపడితే అక్కడ గుర్తొచ్చేది. ఇంకొక్కసారి ఆ మాట వింటే చాలు, ఆపైన ఏమైనా పర్లేదనిపించేది.

పరుపులు కుట్టే తాతని పిలిపించి ఆ పాత పరుపు చూపించింది.

"పోయినవాళ్ళ పరుపు ఇంట్లో ఎందుకమ్మా, ఎవరికైనా ఇచ్చేయండి" అన్నాడు తాత.

"బంగారంలాంటి దూది. పారేస్తే మా అక్క ఊరుకుంటుందా? శుభ్రంగా ఏకి పైగదులకి తలగడలు కుట్టు."

"మీకూ ఒకటి కుట్టనా?"

"నాకెందుకు? నేనెప్పుడు తలగడ వేసుకున్నాను కనక?"

చూశారా, చేసిన పొరపాటు అది. గుప్పెడు దూదైనా తనకోసం దాచుకోలేదు మహాతల్లి.

వారం తిరక్కుండా, బస్సులు నడిపి రిటైరైన పెద్దమనిషి ఒకాయన కాఫీ తాగుతూ, "రాత్రి నా కాళ్ళు బయటికొస్తే దుప్పటి కప్పారు, మా ఆవిడ కూడా అంత శ్రద్ధ చూపదండీ" అన్నాడు. చిన్నమ్మగారు పైకే వెళ్ళలేదు. ఆ మాటే చెబితే ఆయన మర్యాదకి అంటోందనుకుని నవ్వాడు. తరవాత నడిమి గదిలో దిగిన కొత్త పెళ్ళికూతురు గొంతు తగ్గించి, "ఆ పెద్దావిడ ఎవరు పిన్నిగారూ? కొంగు దోపుకుని వచ్చి, పక్క కుదిరిందా అమ్మా అని అడిగారు" అంది. చివరి గదిలో దిగిన నర్సమ్మ అయితే టిఫిను కూడా ముట్టకుండా పెట్టె పట్టుకుని దిగిపోయింది. "నేను గడియ పెట్టే పడుకున్నానండీ! ఆవిడెలా వచ్చిందో చెప్పండి ముందు!" అని గుమ్మంలో నిలదీసింది.

చిన్నమ్మగారికి భయం వేసింది, నిజమే. కానీ భయాన్ని మించి ఉడుకుమోత్తనం పుట్టుకొచ్చింది. ఒక్కో గదిలోనూ పడుకుని చూసింది. ఏమీ లేదు. తలగడలన్నీ కిందికి మోసుకొచ్చి వాటి మధ్య పడుకుంది. మెడ పట్టేసింది తప్ప అక్క జాడ లేదు. "దారినపోయే వాళ్ళందరికీ దుప్పట్లు కప్పుతావు, తోడబుట్టినదాన్ని నేను కనపడనా నీకు?" అని తలగడని రెండు బాది, దాన్నే కావలించుకుని భోరుమంది. అక్క పోయాక ఏడవడం అదే మొదలు.

కుట్టుపని మీద మళ్ళీ వచ్చిన తాత పట్టేసిన మెడ చూసి సంగతి అడిగాడు. విని, సూది బెజ్జంలోంచి దారం లాగుతూ, "పెరటి చెట్టు మందుకి పనికిరాదమ్మా" అన్నాడు. "ఆవిడ వచ్చేది అతిథుల కోసం. మీరు ఇంటిమనిషైపోయారు."

మర్నాడు చిన్నమ్మగారు తలగడలు మళ్ళీ పైగదుల్లో సర్ది, రెండు చీరలు సంచిలో పెట్టుకుని, తాళం వేసి, బస్సెక్కి పక్క ఊరు వెళ్ళింది. అక్కడ బెంచీ మీద కాసేపు కూర్చుని మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చింది. తన గుమ్మంలో తనే బెల్లు కొట్టింది. ఎదురింటావిడ కిటికీలోంచి చూసి బుగ్గలు నొక్కుకుంది. నొక్కుకోనీ! తలుపు తీసుకుని లోపలికెళ్ళి, ఖాళీ హాలుతో, "గది కావాలండీ" అంది. నవ్వొచ్చింది, దాంతోపాటే ఒళ్ళు జలదరించింది కూడా. పైకెళ్ళి, సంచి మూలన పెట్టి, జన్మలో లేనిది తల కింద తలగడ పెట్టుకుని పడుకుంది. బయట ముసురు. పాదాలు కావాలనే దుప్పటి బయట వదిలింది.

ఎప్పుడు కన్నంటుకుందో తెలీదు. పాదాల మీదికి దుప్పటి వచ్చింది. వేళ్ళ దగ్గర మడత పెట్టి, రెండువైపులా పరుపు కిందికి దోపాయి చేతులు. ఆ చేతులు ఆవిడకి తెలీకపోతే ఎవరికి తెలుస్తాయి? పిలవ్వే, ఒక్కసారి పిలవ్వే అనుకుంటూ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"పక్క కుదిరిందా అమ్మా?"

కళ్ళు తెరిచింది. అక్కే. మంచం పక్కన నిలబడి నవ్వుతోంది. ముక్కూమొహం తెలీనివాళ్ళు గుమ్మంలోకొస్తే నవ్వే నవ్వు అది.

"ఎంత దూరం నుంచి వచ్చారో ఏమో, బాగా అలిసిపోయారు."

అక్కా నేనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుందో చిన్నమ్మగారికి తెలుసు. మళ్ళీ ఇంటిమనిషైపోతుంది. ఇంటిమనిషి దగ్గరికి ఈవిడ రాదు. ఆ మాట మింగేసింది.

"కుదిరిందండీ" అంది. పుట్టి బుద్ధెరిగాక అక్కని అండీ అనడం అదే మొదటిసారి.

"ఎన్నాళ్ళుంటారు?"

"మీరు ఉండనిచ్చినన్నాళ్ళు" అంది చెల్లెలు.