ఆగయ్య అక్షరాలు

బతుకుదెరువుకు మనవాళ్లు వలసొచ్చిన మా పాండేసర గల్లీలో ఆగయ్య ఇరవై ఏళ్లుగా మరమగ్గం నడుపుతున్నాడు. సెలవు రోజున ఇక్కడి తెలుగువాళ్ల దుకాణాల బోర్డులకు తెలుగు అక్షరాలు రాసిపెడతాడు. ఆ చేతిరాతను ఆయన బిడ్డ సంగీత కంప్యూటర్లో ఫాంటుగా చేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఇంటర్నెట్లో పెట్టింది. షరతులు రెండే: దాన్ని విడిగా అమ్మకూడదు, లోపలున్న తండ్రి పేరు తీసేయకూడదు.

మొన్న మనవరాలి పెళ్లి పత్రికల కోసం పరమేశ్ ప్రింటింగ్ దుకాణానికి వెళ్లాను. నమూనా పత్రికల మీద అక్షరాల తలకట్లు మా గల్లీ బోర్డుల మీదలాగే పొడుగ్గా ఉన్నాయి. ఆగయ్య రాతేనని దూరం నుంచే గుర్తుపట్టాను. నాకు ఊరుకోబుద్ధి కాదు కదా, కంప్యూటర్ ముందున్న కుర్రాణ్ణి ఫాంటు వివరాలు తెరిచి చదివి వినిపించమన్నాను. తయారు చేసినవాడు పరమేశ్ అట! పైగా తోటి ప్రింటర్లకు అమ్ముతున్నాడట. వెంటనే ఆగయ్యను పిలిపించాను.

"ఫుకట్ల ఇచ్చినవ్ గద మామా, ఇంక నీదేంది?" అన్నాడు పరమేశ్ పాన్ నములుతూ.

"చీరె ఊకెనే ఇస్తే, అంచుకున్న మిల్లు పేరు కోసి నీ పేరు కుడ్తవారా?" అన్నాను.

"మార్కెట్ల అందరు గదే చేస్తున్రు పెద్దమ్మా!" అని నవ్వాడు.

ఆగయ్య మెల్లగా, "జర నా పేరు సుత పెట్టు బిడ్డా," అన్నాడు.

"కింద చిన్నగ పెడ్తా తియ్," అన్నాడు వాడు, బిచ్చం వేసినట్టు.

ఆగయ్య తలూపాడు. దొంగ మీదకంటే ఆ ఊపిన తల మీదే నాకు ఎక్కువ రోత పుట్టింది. అచ్చుకిద్దామని పత్రిక రాసుకొచ్చిన కాగితం బల్ల మీంచి లాక్కుని బయటికొచ్చేశాను.