వెండి పిడి వేసిన కత్తి

మా ముత్తాత సీతారామయ్య గారు మూడు ఊళ్ళకు మునసబు. మా తాత పుల్లయ్య గారు చావడిలోకి అడుగుపెడితే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. మా దగ్గరి పట్నం పేట నుంచి వచ్చే ఆఫీసర్లు మా ఇంట్లో దిగి, మా ఇంట్లో భోంచేసి, ఆ తరువాతే ఊళ్ళోకి వెళ్ళేవారు. మా నాన్నగారు రంగారావు గారి నాటికి మునసబు పదవి పోయింది గాని పిలుపు పోలేదు, ఊరంతా ఆయనను చివరిదాకా మునసబుగారనే పిలిచింది. ఆయన కొడుకును నేను నందిగామలో మేడ మీద మూడు గదుల అద్దె వాటాలో ఉంటున్నాను. ఎవరూ జాలిపడనక్కరలేదు. ఎవరు ఎవరి బిడ్డలో తెలిస్తే తప్ప తరువాత చెప్పబోయేది అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను.

మొన్న మా మనవరాలు మేఘన పేరిట ఒక అట్టపెట్టె వచ్చింది. విప్పగానే గదంతా మిషను నూనె వాసన, కొత్త ఇనుము వాసన. పిల్లకు పదిహేనేళ్ళు. స్కూలు వాళ్ళు కొండల్లోకి క్యాంపుకు తీసుకువెళుతున్నారట, తెచ్చుకోవలసిన సామాను జాబితాలో 'చిన్న కత్తి ఒకటి, టీచరు దగ్గర ఉంచవలెను' అని ఉందట. పెట్టెలోంచి తీసిన కత్తి నల్లగా, వీపున రంపపు పళ్ళతో, పిడి చివర కంపాసుతో చూడటానికి భయం వేసేటట్టుంది.

"రివ్యూలు చాలా బాగున్నయ్ తాతయ్యా," అంది.

నేను ఆ కంపాసు మూత తిప్పి తీసి, పిడి లోపలికి చూడమన్నాను. కోసే అలుగు తాలూకు ఇనుము పిడిలోకి బొటనవేలి గోరంత దిగి అక్కడే ఆగిపోయింది, మిగతాదంతా డొల్ల.

"వెనక్కి పంపించెయ్."

"కంపాస్ ఉంది కదా?"

"దిక్కు తెలియకపోతే మీ టీచర్ని అడుగు."

మూతి ముడుచుకున్న పిల్లను వెంటబెట్టుకుని బజారులో ఇనుపసామాన్ల కొట్టుకు వెళ్ళి, ఉన్నవాటిలో ఒక సాదా కత్తి ఏరాను. రెండు చెక్కల మధ్య పిడి చివరిదాకా ఇనుము కనిపిస్తున్న కత్తి. "ఇది దోసకాయలు కోసుకునే కత్తిలా ఉంది," అంది మేఘన. కళ్ళు మూసుకుని పిడి పట్టుకోమన్నాను, పదును ఏ పక్కన ఉందో చెప్పమన్నాను. తడుముకోకుండా చెప్పింది. చెప్పి, కళ్ళు తెరిచి, "ఇదంతా నీకెవరు నేర్పారు?" అని అడిగింది. "ఒకాయన," అన్నాను. కొట్టువాడు వింటున్నాడని కాదు, ఆ పేరు నా నోటికి రాలేదు.

ఆయన పేరు మస్తాను. చిల్లకల్లులో రోడ్డు పక్కన లారీల కమాను పట్టీలు సరిచేసే కొలిమి ఆయనది.

మా ఊరు చిల్లకల్లుకు తూర్పున, మునేరు ఏటికి ఇవతల, నేలలో మట్టి కంటే రాళ్ళు ఎక్కువ ఉండే మెట్ట. అక్కడ కుర్రవాడికి పధ్నాలుగేళ్ళు వచ్చి ఒంటరిగా పొలం వెళ్ళే ఈడు రాగానే ఇంట్లోవాళ్ళు ఒక కత్తి చేయించి ఇచ్చేవారు. ఇచ్చేవారంటే చేతిలోంచి చేతిలోకి ఇవ్వటం కాదు, అలా ఇస్తే ఇద్దరికీ పొసగదని నేల మీద పెడితే మనం వంగి తీసుకోవాలి. ఆ కత్తి మొలలో ఉంటే ఏడాది పొడుగునా దానికి పనే: వేసవిలో తాటికాయ చెక్కి వేడెక్కిన ముంజలోని నీళ్ళు మోచేతిదాకా కారుతుండగా బొటనవేలితో తోడుకు తినటానికి, తొలకరిలో గట్టు మీద అడ్డంపడ్డ కంప కొట్టటానికి, సీతాఫలాల రోజుల్లో పేట వైపు గుట్టల మీద కాయ తుంచటానికి, చలికాలం పచ్చజొన్న కంకులు కోసి పిడకల నిప్పు మీద కాల్చి దుప్పట్లో నలిపి ఊచబియ్యం చేసుకోవటానికి, అరికాల్లో విరిగిన తుమ్మముల్లు తీసుకోవటానికి, అన్నిటికంటే ముఖ్యంగా పశువు కాలికో మెడకో తాడు మెలిపడితే తెంపటానికి. మా ఊళ్ళో మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో గాలికే తుమ్ములు వచ్చేవి, ఆ ఘాటులోనే మా ఆటలు, ఆ ఘాటులోనే మా దెబ్బలాటలు, ఎవడి కత్తి గొప్పదో తేల్చుకునే పందేలూ.

నాకు పధ్నాలుగు నిండిన ఏడు మా బండి తోలే వెంకన్న నన్ను చిల్లకల్లు తీసుకువెళ్ళాడు. కొలిమి బొగ్గు, కాలిన నూనె, లారీలు లేపే దుమ్ము అన్నీ కలిసిన ఆ వాసన ఇప్పటికీ నాకు తెలుసు. మస్తాను సన్నగా, పొడుగ్గా, కనుబొమ్మలు కాలిపోయి ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు ఉండేవాడు.

"కత్తి పనికా బాబుగారూ, పెళ్ళికొడుకు చేతిలోకా?" అన్నాడు నన్ను చూసి. "పెళ్ళికయితే పేటలో కంసాలి దగ్గరికి పోండి. ఇక్కడ అన్నీ నల్లగానే ఉంటయ్."

"పనికే," అన్నాను.

"పనికంటున్నాడు గాని ఈయన ఇంతవరకు జామకాయ కూడా కోసుకోలేదయ్యా," అన్నాడు వెంకన్న.

మస్తాను విరిగిన కమాను పట్టీతో చేసిన కత్తులు మూడు గోనెపట్టా మీద పరిచాడు. అన్నిటికంటే పొడుగుది నేను తీసుకోబోతే వారించాడు. నా జానతో కొలిచి, అలుగు అంత మించకూడదన్నాడు. మొన సూదిలా ఉన్నది చూపించి, ఇది చూడటానికి బాగుంటది, ముల్లు తీయబోతే విరుగుద్ది అన్నాడు. వీపు మందం మీద రాతితో కొట్టి చూపించాడు. పిడి గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా ఎందుకుండాలో, కళ్ళు మూయించి నా చేతికే తెలిసేటట్టు చేశాడు. చివరికి మూడోది, అన్నిటికంటే అనాకారిది, నా ముందు నేల మీద పెట్టాడు. రెండు తుమ్మచెక్కల మధ్య ఇనుము పిడి చివరిదాకా వచ్చి, అంచున సన్నని గీతలా కనిపిస్తోంది.

"ఇది చూసుకోండి బాబూ, ఇనుము ఇక్కడిదాకా పోవాలి. సగంలో ఆపితే ఒక పూట కాకపోతే ఒక పూట ఊడొస్తది."

ఆ కత్తి నా మొలలో వారం రోజులు ఉంది. ఎనిమిదో రోజు పేట నుంచి మా పెదనాన్న కొడుకు ఒకాయన వచ్చి, వరండాలో కాఫీ తాగుతూ నా మొల వైపు చూసి, "ఏం బాబాయ్, అబ్బాయిని లారీ క్లీనరుగా చేర్చావా?" అని నవ్వాడు. నాన్నగారు కూడా నవ్వారు. ఆయన నవ్వినప్పుడు పెదవులు తప్ప ముఖంలో ఇంకేదీ కదలకపోతే దాని అర్థం ఏమిటో ఇంట్లో మాకందరికీ తెలుసు.

మర్నాడు నన్నూ కత్తినీ తీసుకుని ఆయన పేట వెళ్ళారు. చేతిసంచిలో తాతగారి చేతికర్ర పైన ఉండే వెండి తొడుగు ఉంది; కొత్త వెండి కొనే రోజులు అప్పటికే దాటిపోయాయి. కంసాలి తుమ్మచెక్కలు ఊడగొట్టి, తొడుగు పక్కన పెట్టి కొలిచి, "గొట్టం పొట్టి అండి. ఇనుము సగానికి కోస్తేగాని దిగదు. లక్క పోస్తా, కదలదు," అన్నాడు.

"కోస్తే..." అని నేను మొదలుపెట్టాను. నాన్నగారు నా వైపు చూశారు. ఆ చూపుతో నేను ఆగానని రాస్తే సగమే నిజం. ఆ వెండి మీద చెక్కిన లతలు, వాటి మధ్య తాతగారి పేరులోని మొదటి అక్షరం నాకూ నచ్చాయి. రంపం కింద ఇనుము కీచుమంటుంటే ఇక ఎవడి కత్తీ నా కత్తికి సాటి రాదని అనుకున్నాను.

నిజంగానే రాలేదు. ఆ వినాయకచవితికి పత్రి కోయటానికి పిల్లలమంతా బయలుదేరినప్పుడు, ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, మారేడు, ఏది కోయవలసి వచ్చినా నా కత్తే కావాలన్నారు. పట్టుకున్నవాడల్లా వెండి మీద తన ముఖం చూసుకున్నాడు. ఇంటికి వచ్చేసరికి కుడుముల ఆవిరి, ఉండ్రాళ్ళ పాయసంలో వేసిన యాలకుల వాసన, తడి ఆకుల వాసన కలిసి ఇల్లు నిండిపోయింది. నాన్నగారు పూజ దగ్గర కత్తిని దేవుడి పక్కనే పెట్టించారు. ఆ రోజంత సంతోషంగా ఆయనను నేను మళ్ళీ చూడలేదు.

పండుగ వెళ్ళిన నాలుగో రోజున మిరపనారు బండికెత్తుకుని వెంకన్న, నేను మునేటి అవతలి ఒడ్డున ఉన్న మా పొలానికి బయలుదేరాం. మా ఆకాశంలో మబ్బు లేదు. మునేరు అటువంటిది, పైన ఖమ్మం వైపు వాన పడితే మాకు ఎండ కాస్తుండగానే పొంగుతుంది. రేవులో మోకాలి లోతు నీటిలో సగం దాటేసరికి నీళ్ళ రంగు మారింది. చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుంది. వెంకన్న దూకి చక్రానికి భుజం పెట్టేలోపల నీళ్ళు నడుం దాటాయి. ఎడమ పక్క ఎద్దు కాలు జారి మోకాళ్ళ మీద పడింది. మైలరంగు ఎద్దు అది, నేను బువ్వ పెడితే అరచేయి నాకే ఎద్దు. మెడను కాడికి కట్టిన తాడు బిగిసిపోయి అది తల ఎత్తలేకపోతోంది.

"తాడు కొయ్యండి బాబూ, కొయ్యండి," అంటూ వెంకన్న దాని మూతిని రెండు చేతులతో నీళ్ళపైకి ఎత్తి పట్టుకున్నాడు.

కోశాను. మస్తాను పెట్టిన పదును అబద్ధం ఆడలేదు, తడిసిన తాడు సగందాకా ఇట్టే తెగింది. మిగతా సగం తెంపటానికి కత్తిని పక్కకు వంచి లాగాను. చేతిలో ఏదో మెత్తగా కదిలినట్టయింది. వెండి గొట్టం నా పిడికిట్లోనే ఉంది, అలుగు లేదు. ఎర్రనీళ్ళలో చేయి పెట్టి వెతికాను. వెంకన్న పళ్ళతో తాడు కొరికాడు. కుడి పక్క ఎద్దు తన తాడు తానే తెంపుకుని ఒడ్డెక్కింది. మైలెద్దు మూతి కొంచెంసేపు వెంకన్న చేతుల్లో ఉంది, తరువాత ఆయన ఇక ఎత్తి పట్టుకోలేదు.

మర్నాడు నాన్నగారు చిల్లకల్లుకు కబురుపెట్టారు. మస్తాను సైకిలు మీద వచ్చి, సైకిలును గోడకు చేర్చి, మెట్ల కింద నిలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. నాన్నగారు వెండి గొట్టం ఆయన ముందు నేల మీద పెట్టించారు.

"నీ కత్తికి నా ఎద్దు పోయింది."

మస్తాను గొట్టం తీసి, కన్ను దగ్గర పెట్టుకుని లోపలికి చూశాడు. లక్కలో ఇనుము ఉన్న గుంట వేలెడు కూడా లేదు. ఆయనకు అంతా అర్థమైందని నాకు తెలిసింది.

"నేను తుమ్మచెక్కలేసి ఇచ్చానండి. వెండి నేనెయ్యలేదు."

"వెండి వేసింది పిడికి. ఊడింది నీ ఇనుము. నువ్వు పెట్టింది అంతే."

మస్తాను నా వైపు తిరిగాడు.

"బాబుగారూ, మీ చేత్తో పట్టి చూశారుగా. నా కొలిమి దగ్గర ఇనుము ఎందాకా ఉంది? మీరు చెప్పండి, చాలు."

అందరూ నన్నే చూస్తున్నారు. నాన్నగారు మాత్రం నన్ను చూడలేదు, వీధి వైపు చూస్తూ నిటారుగా కూర్చున్నారు. ఆయన కుడిచేయి మోకాలి మీద పంచె కొసను మడుస్తూ విప్పుతోంది. అది నాకొక్కడికే కనిపించేంత దగ్గరగా నిలబడ్డాను.

"నాకు గుర్తు లేదు," అన్నాను.

"సరేలెండి. చిన్నపిల్లలు, గుర్తుండదు," అని మస్తాను గొట్టం మెట్టు మీద పెట్టి, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. ఎక్కి తొక్కలేదు, వీధి చివరిదాకా నడిచే వెళ్ళాడు.

ఆ ఏడు కోతలకు మా ఊరివాళ్ళు కొడవళ్ళు ఆయన దగ్గర చేయించలేదు. చుట్టుపక్కల రెండు మూడు ఊళ్ళు కూడా మానేశాయి. మరుసటి ఏడు కొలిమి ఎత్తేసి కంచికచర్ల వెళ్ళాడని, ఎవరి షెడ్డులోనో కూలికి చేస్తున్నాడని వెంకన్న చెప్పాడు. చెప్పి, నా ముఖం చూడకుండా ఎద్దుకు గడ్డి వేశాడు. నాన్నగారు, నేను ఆ కత్తి గురించి ఆయన పోయేదాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆయనను తప్పుపట్టటానికి ఇది రాయటం లేదు. ఆయన అడగకుండానే నేను ఆయన పక్షాన అబద్ధం చెప్పాను, ఆయన దాన్ని కాదనలేకపోయారు.

ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు ఒకసారి కంచికచర్లలో బస్సు దిగి ఆ షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాను. ఏం చెప్పాలో దారిలో వరుసగా అనుకున్నాను. అక్కడ పట్టీలు బిగిస్తున్నాయన చేయి ఆపకుండానే, "మస్తాను పోయిన వేసవిలో పోయాడండి. ఏవన్నా పనా?" అని అడిగాడు. ఏం లేదన్నాను. తరువాతి బస్సుకు తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు మునేటి మీద బ్రిడ్జి ఉంది, రేవు ఎక్కడుండేదో చూపించమంటే నేను కూడా తడుముకోవాలి. చిల్లకల్లులో కొలిమి ఉన్న చోట రోడ్డు వెడల్పయింది. మా వైపు ఎద్దులబండి కనిపించి ఎన్నాళ్ళయిందో చెప్పలేను. ఈ మాట వినవలసినవాళ్ళు ఇక ఎవరూ లేరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: మస్తాను చేసిన కత్తిలో ఇనుము పిడి చివరిదాకా ఉంది. నేను చూశాను, నాకు గుర్తుంది.

అవతలి ఒడ్డు పొలం నాన్నగారు ఉండగానే అమ్మారు. ఇల్లు నేను అమ్మాను; టేకు దూలాలు, తలుపులు ఒకరు కొన్నారు, నేల మరొకరు కొన్నారు.