చెప్పని ముప్పై రోజులు

నా చిన్నప్పుడంటే మరీ పాతరోజులేమీ కావు. ఇళ్లలో ఫోన్లున్నాయి, ఫైళ్లు దాచుకోవడానికి క్లౌడూ ఉంది. మా బడి టీచర్లకు మాత్రం దానితో పరిచయం లేదు. మేం సూరత్‌లో, గోడాదరాలో ఉండేవాళ్లం. నాన్న మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. నేను తెలుగు బడిలో ఏడో తరగతి చదువుతున్నాను.

మా టీచరమ్మ తెలంగాణ పల్లె నుంచి పెళ్లయి ఆ ఊరొచ్చిన మనిషి. మాకు ఇంట్లోనే తెలుగు, గడప దాటితే హిందీ, గుజరాతీ. మగ్గం తప్ప నాగలి చూడని పిల్లలం. అందుకని ఆవిడ నాగలి బొమ్మ గీసి ఒక్కో భాగానికీ పేరు రాసింది. కార్మికుల ఇళ్లకు వెళ్లి ముసలమ్మలు చెప్పిన పొడుపుకథలు, పాటలు రాసుకుంది. అలా ఏడు నోటుబుక్కులయ్యాయి. వానాకాలపు చెమ్మకు వాటికి బూజు పట్టింది.

పక్కింటి అక్క ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేసేది. శనివారం మధ్యాహ్నాలు మా బడికొచ్చి, ఫైళ్లు క్లౌడ్‌లో ఎలా దాచుకోవాలో, వేరే బడి టీచర్లతో ఎలా పంచుకోవాలో నేర్పేది. కొందరు తెర మీద వేలు పెట్టడానికే జంకేవాళ్లు. వాళ్లను అక్క ఎంతో ఓపికగా కూర్చోబెట్టేది. ముందుగా ధైర్యం చేసింది మా టీచరమ్మే. నోటుబుక్కుల్లోని ప్రతి పేజీనీ తన ఫోన్‌లో ఫొటో తీసి క్లౌడ్‌లోకి ఎక్కించే పని నాకు అప్పగించింది. ఫోన్‌లో చోటు చాలక, ఎక్కించిన ఫొటోలను అందులోంచి తీసేసేదాన్ని. నాకు కాస్త గర్వంగా ఉండేది.

దీపావళి సెలవులకు ముందు చివరి రోజున ఆ పని పూర్తయింది. ముగ్గు రంగులు కొనడానికి రమ్మని స్నేహితురాళ్లు గేటు దగ్గర నిలబడి పిలుస్తున్నారు. ఫోన్‌లో చూస్తే ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపించాయి. ఒకటి పొరపాటున తయారైన ఖాళీది అయ్యుంటుందనుకుని, తెరిచి చూడకుండానే చెరిపేశాను. తీరా రెండోది తెరిస్తే అందులో ఏమీ లేదు.

"అయిపోయిందా బిడ్డా?" అని అడిగింది టీచరమ్మ.

"అయింది టీచర్" అన్నాను.

ఆవిడ బీరువా దులుపుతోంది. ఆ బూజు మిగతా పుస్తకాలకూ అంటుకుంటోందని ఏడు నోటుబుక్కులూ తాడుతో కట్టి, గేటు ముందున్న పస్తీ బండికి, పాత కాగితాలు కొనే అతనికి, ఇచ్చి రమ్మంది. ఇప్పుడన్నా చెప్పాలనుకున్నాను. నోరు పెగల్లేదు. ఆ కట్టను నా చేతులతోనే బండి మీద పెట్టాను.

సెలవులు మూడు వారాలు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే గడిపాను. బడి తెరిచాక కూడా చెప్పలేదు. రోజూ చెప్పే పాఠాలు టీచరమ్మకు నోటికి వచ్చు కాబట్టి ఆ ఫోల్డర్ తెరిచే అవసరం ఆవిడకు రాలేదు. ఇంకో రెండు వారాలు పోయాక, ఒక శనివారం నవాగామ్ వైపు బడుల నుంచి కూడా టీచర్లు వచ్చారు. పాఠాలన్నీ వాళ్లతో పంచుకోవాల్సిన రోజది. అక్క ఫోల్డర్ తెరిచింది. ఖాళీగా ఉంది. చెరిపినవి చేరే బుట్ట కూడా వెతికింది. అక్కడా లేవు. చెరిపినవి ఆ బుట్టలో ముప్పై రోజులే ఉంటాయని అప్పుడు చెప్పింది. అలాంటి బుట్ట ఒకటుందనే నాకు తెలియదు.

వచ్చినవాళ్లలో పెద్దావిడ ఒకామె లేచి, "గిందుకే మాకు గీ క్లౌడ్లు గిట్ల వద్దన్నం" అంది. ఇంకో కాపీ ఉంచుకోమని ముందే చెప్పాల్సింది, తప్పు తనదేనని అక్క తల వంచుకుంది. తర్వాతి శనివారం నుంచి రావద్దని ఎవరూ అనలేదు గానీ, ఎవరూ రమ్మనీ అనలేదు.

ఆ సాయంత్రం అక్క ఇంటి మెట్ల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. ఏ రోజు చెరిపానో మాత్రం అడిగింది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఐదు రోజుల ముందు చెప్పివుంటే అన్నీ తిరిగొచ్చేవి. ఆ మాట ఆమె నోటితో అనలేదు. నన్ను చెయ్యి పట్టుకుని టీచరమ్మ ఇంటికి తీసుకెళ్లింది.

టీచరమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "పోయినందుకు కాదు బిడ్డా. గిన్ని దినాలు నీకు భయమైతుంటే, నా దగ్గరికి వద్దామని అనిపియ్యలే. గది నాకు బాధైతుంది" అంది.

సోమవారం ఆవిడ టీచర్లందరినీ పిలిచి, తప్పు తన ఫోన్‌లోనే జరిగిందని, అక్కది కాదని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. తర్వాతి శనివారం అక్క ఎప్పటిలాగే వచ్చింది. ఆ చలికాలమంతా టీచరమ్మ గుర్తు తెచ్చుకుని చెబుతుంటే నేను రాశాను. పాఠాలు చాలావరకు వచ్చాయి. పాటలు రాలేదు. వాటిని ఎక్కువగా పాడిన ముసలమ్మలిద్దరూ అప్పటికే లేరు. ఒక దంపుడు పాటలో మొదటి పాదం చెప్పి, రెండోది అందక, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయేది. నేను కలం పట్టుకుని ఎదురుచూసేదాన్ని.

ఇప్పుడు నేనూ టీచర్నే. కొత్తగా వచ్చినవాళ్లకు క్లౌడ్ నేర్పడం నా పనుల్లో ఒకటి. బాగా నేర్పుతానని అంటారు. ఎవరైనా పిల్ల బల్ల దగ్గరికొచ్చి, ఏమీ చెప్పకుండా కాళ్లు మార్చుకుంటూ నిలబడితే మాత్రం చేతిలో పని వదిలేస్తాను. అడగను, తొందరపెట్టను. నోరు పెగలకపోవడం ఎంత బరువో నాకు తెలుసు. అయినా ఆ రెండో పాదం ఏమిటని ఇప్పటికీ ఎవరినో ఒకరిని అడుగుతూనే ఉంటాను. తెలిసినవాళ్లు ఇంతవరకు దొరకలేదు.