మూడిళ్ళు పట్టే స్థలం

“ఇందులో రెండిళ్ళే పడతాయి వదినా. మూడోది ఎక్కడ కడతావు, నా నెత్తి మీదా?”

“నీ నెత్తి మీద పునాది నిలవదులే. కొలిచాను, మూడు పడతాయి.”

“గోడలు కొలిచావు. చూరు ఎవరు కొలుస్తారు? దాని కప్పు నీళ్ళు నా గోడ మీద పడితే ఊరుకుంటానా?”

మా మరిది అన్నవాటిలో ఆ ఒక్క మాట నిజం. మా వైపు ఎవరి చూరు నీళ్ళు వాళ్ళ జాగాలోనే పడాలి. ఇంటికీ ఇంటికీ మధ్య ఇద్దరూ చెరో మూర వదులుతారు. నేను తాడు పట్టి గోడ నుంచి గోడకే కొలిచాను.

ఎనభైల్లో మాట. విస్సన్నపేట రోడ్డు పక్కన ఆ స్థలం మా మామగారు పోయాక మా ఆయనకీ మరిదికీ వచ్చింది. మూడో ఇల్లు మా ఆడపడుచుకి. మొగుడు పోయి, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, మా మామిడితోటలో కాపలా పాకలో ఉంటోంది. వానలు మొదలైతే ఆ పాకలో మనుషులు ఉండలేరు.

“చిన్నన్నయ్యా, నాకు ఒక్క గది చాలు” అంది.

“ఇవాళ గది అంటావు, రేపు పెరడు అంటావు.”

“పెరడు నువ్వే ఉంచుకో. నీ గేదె కన్నా నాకు తక్కువ జాగా చాలు.”

మరిది వంగి, మేస్త్రీ హద్దుకి పాతిన కొయ్యమేకు పీకి, దాంతోనే ఆమె మూతి మీద కొట్టాడు. ముందు పన్ను విరిగింది. కొత్తగా పోసిన సున్నపు గీత మీద నెత్తురు పడింది.

మా ఆయన నోరులేని మనిషి. చేతిలో మామిడికాయలు కోసే చిక్కం కర్ర ఉంది. అది చీలిపోయేదాకా తమ్ముణ్ణి బాదాడు. మరిది ఆయన గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ కిందపడి దొర్లారు. “అన్నదమ్ముల మధ్య మేమెందుకండీ” అంటూ మేస్త్రీ పక్కకు తప్పుకున్నాడు.

ఇంతలో మరిది చేతికి గునపం దొరికింది. ఎత్తాడు. మేకులు దిగ్గొట్టే కొయ్యసుత్తి నా పక్కనే ఉంది. తీసి అతని మణికట్టు మీద కొట్టాను. ఎముక పుటుక్కుమంది. గునపం పడింది. మళ్ళీ తీసుకోకుండా ఇంకోటి వేశాను.

తోడికోడలు పరుగెత్తుకొచ్చి నా జుట్టు పట్టుకుంది. “చెయ్యి విరగ్గొట్టావు కదే అక్కా, నీ చేతులు పడిపోను.”

“ముందు ఆ గునపం అవతల పారెయ్యి. తర్వాత తిడుదువుగాని.”

మామిడికాయల ట్రాక్టరులో మరిదిని నూజివీడు ఆస్పత్రికి పంపాం. ఎన్నిళ్ళకి గీయమంటారని మేస్త్రీ అడిగాడు. రేపు చెబుతానన్నాను, ఒలికిన సున్నం ఎత్తిపెట్టమన్నాను.

అన్నం వారుస్తూ ఆలోచించాను. మధ్య గోడలు ఉమ్మడిగా పెట్టి, అన్నిటికీ ఒకే పెంకుల కప్పు వేస్తే నీళ్ళు ముందుకీ వెనక్కీ జారతాయి. ఇళ్ళ మధ్యన పడవు, సందులు వదలక్కర్లేదు, మూడూ పడతాయి.

మర్నాడు పొద్దున్నే మరిది చేతికి కట్టుతో వచ్చాడు. సంగతి చెప్పాను.

“దానికి కడితే కట్టుకోండి. నా గోడకి మాత్రం ఎవరి గోడా ఆనకూడదు.”

“అయితే సందు నీ వాటాలోంచే వదులుకో.”

వదులుకున్నాడు. మేస్త్రీ ఉత్తరాన అతని ఇల్లు ఇరుకుగా గీసి, సందు విడిచి, మా రెండిళ్ళూ ఒకే గోడకి కలిపి గీశాడు. ఆడపడుచు మూతికి తడిగుడ్డ కట్టుకుని, గునపం తీసుకుని, తన పునాది తవ్వడం మొదలుపెట్టింది.