బట్టల దండెం మీద విమానం తీగ

మా బావగారు పోయారన్న కబురు నందిగామ నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు తెచ్చాడు. జగ్గయ్యపేటలో నా షాపు ముందు బస్సు ఆపించి, ఫుట్‌బోర్డు మీద నుంచే, "మీ బావగారు తెల్లవారుజామున పోయారంటండి, మిమ్మల్ని బయల్దేరి రమ్మన్నారు" అని చెప్పి వెళ్లిపోయాడు. నా ముందు విప్పిన ఆయిలింజను ఉంది. దాని బోల్టులు ఏ డబ్బాలో వేశానో కూడా చూసుకోలేదు. ఎదురు బస్సు దొరికేదాకా రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. దొరికాక సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. నందిగామ దాకా తలుపు దగ్గర నిలబడే వెళ్లాను.

ఆయన మా అక్క భర్త. హైదరాబాదులో ప్రయాణికుల విమానాలు బాగుచేసే ఒక షెడ్డులో దాదాపు ఇరవై ఏళ్లు పనిచేసి, సొంత ఊరు నందిగామ వచ్చి ఉంటున్నారు. మా బంధువుల్లో ఆయన గురించి రెండు మాటలు స్థిరపడిపోయాయి. ఒకటి, మనిషికి పొగరు. రెండు, అత్తవారింట్లో ఆకు ముందు నుంచి లేచిపోయాడు. ఈ రెండు మాటలూ నా మూలంగా పుట్టినవే. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. అందంగా రాయడం నాకు రాదు.

ఆయనతో కాపురం అంత తేలిక కాదని అక్క నవ్వుతూనే అనేది. ప్రతి దసరాకీ ఇంట్లో బావి తాడు మార్చేవారు. పాతది ఎంత బాగున్నా సరే మార్చాల్సిందే. అక్కడితో ఊరుకుంటారా, పాత తాడును ముక్కలు చేసి పొయ్యిలో పెట్టించేవారు. మాది మెట్ట ప్రాంతం, బావులు లోతు, తాడంటే మాకు ప్రాణం. నిక్షేపంలాంటి తాడు తగలేశాడే అని మా అమ్మ ఒకసారి చూసి పూటంతా బాధపడింది. సైకిలు బ్రేకు రబ్బర్లదీ అదే వరస. ఎందుకండీ అని అడిగితే ఒకటే మాట చెప్పేవారు: "చెడ్డాక తీసేది ఎవడైనా తీస్తాడు."

నన్ను షెడ్డులో చేర్పించింది ఆయనే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు, పెళ్లీ అయింది. అయినా కాలు ఒకచోట నిలిచేది కాదు. డకోటా విమానాల మీద పని. పైలట్ తన ముందున్న కర్రను లాగితే అక్కడెక్కడో తోక దగ్గరి రెక్క పైకి లేవాలి. ఈ రెండింటినీ కలిపేది చిటికెన వేలంత లావు కూడా ఉండని ఉక్కు తీగ. గిలకల మీదుగా విమానం పొడుగునా పోతుంది. దానికి ఇన్ని గంటలని ఆయుష్షు రాసిపెట్టి ఉంటుంది. ఆ గంటలు నిండితే, అది కొత్త పెళ్లికూతురిలా మెరుస్తున్నా సరే, దింపేసి కొత్తది ఎక్కించాలి. దింపినదాన్ని మూరెడేసి ముక్కలుగా నరికి బావగారికి చూపించాలి. ఆయన కొస ముక్క మీద చెక్కి ఉన్న నంబరు చదివి, కాగితం మీద సంతకం పెట్టాలి. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఇంత మంచి తీగను నరకడమేంటని అడిగేశాను. "అది బాగుందా లేదా అని మనం అడగం. దాని గంటలు అయ్యాయా లేదా అని అడుగుతాం" అన్నారు. నాకు అర్థమైంది కానీ ఒంటబట్టలేదు.

ఒక రోజు అలాంటి తీగ ఒకటి మార్చాను. దింపిన తీగ చూస్తే నరకడానికి చెయ్యి రాలేదు. మా అమ్మ బట్టలారేసుకునే కొబ్బరి తాడు ఏటా కుళ్లి తెగి, ఉతికిన బట్టలన్నీ మట్టిలో పడుతుండేవి. ఈ తీగ కడితే ఆమె జన్మకి సరిపోతుందనుకున్నాను. మూల పడి ఉన్న ఇంకేదో తీగ నరికి ఆ ముక్కలు బావగారి ముందు పోశాను. ఎప్పుడూ నంబరు చదివే మనిషి ఆ రోజు చదవలేదు. ఇంటివాడినని నమ్మి సంతకం పెట్టారు. అసలు తీగ చుట్ట నా సంచిలో జగ్గయ్యపేట చేరింది. అమ్మ దాన్ని ఊరందరికీ చూపించుకుంది.

నెల తర్వాత బావగారూ అక్కా మా ఇంటికి వచ్చారు. నేనూ సెలవులో ఇంట్లోనే ఉన్నాను. అమ్మ పొద్దుటి నుంచీ గారెలకు పప్పు రుబ్బుతూ హడావిడి పడుతోంది. బావగారు కాళ్లు కడుక్కుని, మొహం తుడుచుకుని, తువ్వాలు ఆరేయబోయి దండెం మీద చెయ్యి ఆపారు. తీగ వెంటే నడుచుకుంటూ కొస దాకా వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని నంబరు చదివారు. లోపల ఆకు వేసి పిలుస్తున్నారు. ఆయన ఆకు ముందు కూర్చున్నారు కూడా. ఒక్క ముద్దయినా కలపకుండా లేచి నన్ను పెరట్లోకి పిలిచారు.

"ఇది దింపిందా, ఎక్కించాల్సిందా?"

"దింపిందే బావగారూ."

"నీకెట్లా తెలుసు?"

తీగ మార్చిన రోజు నాకు తొందర. కొత్త తీగకు పూసి ఉండే గ్రీజును ముందే తుడిచేశాను. రెండు చుట్టలూ ఒకే మేకుకు తగిలించాను. ఏది ఎక్కించానో ఏది సంచిలో వేసుకున్నానో ఒట్టేసి చెప్పలేను. ఏ నంబరు ఏ తీగదో చూపే కాగితాలు షెడ్డులోనే ఉన్నాయి. ఆ విమానం నెల రోజులుగా మనుషుల్ని మోస్తూ ఎగురుతోంది.

"అర్జెంటు పని పడిందండి అత్తయ్యగారూ" అని ఒక్క మాట చెప్పి ఆయన వీధిలోకి వెళ్లిపోయారు. వెనకే నేను పరుగు. పోస్టాఫీసులో షెడ్డుకు టెలిగ్రాం ఇచ్చారు. ఆ విమానం ఆపండి, తోక తీగ నంబరు చూడండి, నేను చూడకుండా సంతకం పెట్టాను అని రాశారు. వచ్చిన బస్సెక్కి ఇద్దరం హైదరాబాదు బయల్దేరాం. సూర్యాపేట దాటాక అన్నారు: "షెడ్డులో నీ పేరు చెప్పక తప్పదు, చెప్తా. ఇంట్లో మటుకు నేను చెప్పను. అది నువ్వే చెప్పుకో."

విమానంలో ఉన్నది కొత్త తీగే. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశారా, ఏం కాలేదుగా అన్నాను. ఆయన నా వైపు తిరిగి, "ఏం కాకపోవడం నీ పనితనం కాదురా" అన్నారు.

నా ఉద్యోగం పోయింది. ఆయన దగ్గరున్న తనిఖీ ముద్ర షెడ్డువాళ్లు తీసేసుకున్నారు. తను పని నేర్పినవాళ్ల కింద ఆయన రెండేళ్లు పానాలు పట్టుకుని పనిచేశారు.

నేను ఇంటికి వచ్చి, ఆ పని నాకు పడలేదని చెప్పాను. అమ్మ రెండూ కలిపి చూసుకుంది. అల్లుడు ఆకు ముందు నుంచి లేచిపోయాడు, వారం తిరక్కుండా కొడుకు ఉద్యోగం ఊడింది. అల్లుడే కక్షగట్టి తీసేయించాడని అనుకుంది. నేను కాదనలేదు, ఔననలేదు. రేపు చెబుదాం, పండగ వెళ్లాక చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపాను. ఆ తర్వాత ఆయన్ని మా ఇంటికి ఎవరూ పిలవలేదు. అమ్మ పోయినప్పుడు వచ్చి వీధిలో ఎండలో నిలబడ్డారు. కూర్చోండి అన్నవాళ్లు లేరు. నేను ఇవాళైనా నోరు విప్పుతానేమోనని ఆయన నా వంక చూశారు. తల తిప్పుకున్నాను. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

ఇప్పుడు నేను నాలుగు మెతుకులు తింటున్నది ఆయన నేర్పిన పనితోనే. విప్పిన వరసలోనే బోల్టులు గుడ్డ మీద పేర్చుకోవడం, చేత్తో తడిమి అరుగుదల పట్టుకోవడం, తెలియనప్పుడు తెలియదని చెప్పడం. ఈ చివరిది షాపులో బాగానే చేస్తాను.

పదకొండో రోజున నందిగామలో అక్క వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. చేతిలో ఉన్న చేట కింద పెట్టి, ఆ విమానంలో ఒక్కసారికి ఎంతమంది ఎక్కేవాళ్లని అడిగింది. పాతికమంది దాకా ఎక్కేవాళ్లని చెప్పాను. ఆయన ఒక్కరోజు కూడా నీ మీద మాట అనలేదురా అంది. క్షమించమని అడగబోయాను. అడగనివ్వలేదు.

"నాకు కాదు. వసారాలో అందరూ ఉన్నారుగా, వాళ్లకు చెప్పు" అంది.

వసారా నిండా బంధువులే. ఉక్కపోత. పెద్దవాళ్లంతా విసురుకుంటూ ఆయన గురించే మాట్లాడుకుంటున్నారు, మంచివాడే కానీ పొగరు అని. అక్క నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. పోయిన మనిషి మీద మీరు చెప్పుకునే మాట అబద్ధమండీ, దానికి కారణం నేను, అని మొదలుపెట్టాను. తాటాకు విసనకర్రలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.